వేపాకు కట్టలు

పాత కాగితాలు దాచే ఆఫీసులో నిన్న మా నాయన కేసు కట్ట ఒకటి విప్పితే, ఎండిన వేపాకు వాసన కొట్టింది.

నాయన కడపలో వకీలు, తాలూకా బోర్డు మెంబరు కూడా. పురుగు పట్టకుండా అమ్మ ఆయన కట్టల్లో వేపాకు పెట్టేది. అమ్మవారు పోసిన పిల్లల పక్కలోనే వేపాకు చూసిన నేను, కాగితాలకూ జబ్బు చేసిందనుకున్నాను.

ఒక సాయంత్రం నాయన బోర్డు మీటింగు నుంచి వచ్చి, నల్లకోటైనా విప్పకుండా పడక్కుర్చీలో ఒరిగిపోయాడు. బయట అరుగు మీద కక్షిదారులు ఇంకా కాచుకునే ఉన్నారు. నేను గుప్పెడు వేపాకు తెచ్చి ఆయన గుండె మీద పరిచాను.

ఆయన కళ్లు తెరిచాడు. "ఏందమ్మా ఇది?"

"నీకు గూడా బాగలేదు గదా నాయనా."

నవ్వలేదు. "అవు తల్లీ, శానా దినాల నుంచి" అని, ఆకులు జారిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

కాగితాలకు ఇప్పటికీ ఒక్క పురుగు పట్టలేదు. ఆకు వాటికే పనిచేసింది.