కాక భయం

మా పక్క క్వార్టర్లో ఉండే కాక గోదావరిఖని బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన భయపడటం నేను మొదట చూసింది పశువుల దవాఖానలో. ఆయన కుక్కకు పొట్ట కింద లేచిన క్యాన్సర్ గడ్డను డాక్టర్ కోసి తీశాడు. అది ఒళ్లంతా పాకుతుందో లేదో చెప్పే గుర్తులు జన్యువుల్లో వెతకమని ఆ గడ్డ ముక్కను పరిశోధకులకు పంపాడు. అప్పటి నుంచి కాక రోజూ పొద్దున్నే ఊపిరి బిగబట్టి, కుక్క చంకల్లో గడ్డల కోసం తడిమేవాడు.

నెల తర్వాత డాక్టర్ చెప్పాడు: "పాకే గుర్తులు కనబడలేదంట కాకా, ఫికర్ చెయ్యకు."

"ఇయ్యాల లేదనా సారూ, ఎన్నటికీ రాదనా?"

"రాకపోవచ్చు."

ఆ 'వచ్చు' విన్నాక కాక పొద్దున్నే కాదు, రాత్రి కూడా కుక్క చంకలు తడమడం మొదలుపెట్టాడు.

కుక్క ఇంకో నాలుగేళ్లు బతికి ముసలితనంతో పోయింది. దాన్ని పూడ్చి వచ్చి, నా పక్కన కూలబడి, "ఇగ భయపడే పని లేదు బిడ్డా" అంటూ కాక ఏడ్చాడు.