నాలుగుకీ అయిదుకీ మధ్య

వెల్డింగ్ వెలుగును ఉత్త కళ్ళతో చూడకూడదు. నల్లద్దం అడ్డం పెట్టుకుంటే, చుట్టూ ఉన్నదంతా మాయమై చీకట్లో మిణుగురంత వెలుగు, దాని కింద నీళ్ళలా కదిలే ఇనుము మాత్రం కనబడతాయి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఇప్పటికీ పొద్దున్నే మొదటి రాడ్డు అంటించినప్పుడు నాకు సృష్టి మొదటి రోజు గుర్తొస్తుంది. చేతిలో రాడ్డు పట్టే హోల్డరు ఉన్నా మనసు మోకాళ్ళ మీదే ఉంటుంది.

గాజువాక దగ్గర ఒక శిక్షణ సంస్థలో నేను వెల్డింగ్ నేర్పుతాను. అభ్యాసం చేసిన ప్రతి ఇనుప ప్లేటు మీదా సుద్దముక్కతో పదికి ఇన్ని అని మార్కు వేసేవాణ్ణి. నేర్చుకునేవాళ్ళు అంకె చూసుకుని ప్లేటును తుక్కుడబ్బాలో పడేసి ఇంకోటి తీసుకునేవారు. నేను పక్షపాతం లేకుండా వేస్తాననీ, దేవుడి ముందు నా లెక్క సరిగ్గానే ఉంటుందనీ అనుకునేవాణ్ణి.

ఆ ఏడు జాలరిపేట నుంచి ఒకమ్మాయి చేరింది. ఇరవై దాటాయి. ఇంట్లో అందరిదీ సముద్రం మీద బతుకే. హార్బరులో ఇనుప పడవలు బాగుచేసే షెడ్డువాళ్ళు, సర్టిఫికెట్ తెస్తే పని ఇస్తామన్నారట. ఆ సర్టిఫికెట్ పరీక్ష పోతే మళ్ళీ చదువు మాట ఎత్తకుండా తల్లితో పాటు చేపల గంప పట్టాలని ఇంట్లో ఒప్పందం. పడుకోబెట్టిన ప్లేటు బాగానే అతికేది. నిలబెట్టిన ప్లేటుకి కింద నుంచి పైకి అతుకు వేయమంటే మాత్రం అతుకు అంచున ఇనుము కోసుకుపోయి గాడి పడిపోయేది. పరీక్షలో ఇచ్చేది ఆ నిలువు అతుకే.

పరీక్షకు నెల ఉందనగా, ఆమె తన ప్లేట్లు తుక్కులో వేయడం లేదని గమనించాను. బల్ల కింద వరసగా పేర్చుకుంటోంది. ఆమెతో పాటు నేర్చుకునే ఒకతను ఊరుకోలేదు.

“ఏటమ్మా, ఎండుసేపల్లాగ ఆరబెడతన్నావ్?”

“మరి నీవి పచ్చివి కదా అన్నియ్యా. ఎవులూ దాసుకోరు.”

మా షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వుతూ దగ్గరికి వెళ్ళాను. అన్నిటి మీదా నా చేతిరాతే. నాలుగు, నాలుగు, అయిదు, నాలుగు. ఆమె ఒక నాలుగు ప్లేటునీ అయిదు ప్లేటునీ పక్కపక్కన పెట్టి అడిగింది.

“సార్, నాలుక్కీ అయిదుకీ మద్దిన ఏటుందండీ? ఏటి సేత్తే ఇది అదవుద్ది?”

రెండూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాను. ఎందుకు అయిదు వేశానో నాకే తెలియలేదు. రేపు చెబుతానన్నాను.

ఆ సాయంత్రం మా సంఘం ప్రార్థన కూటంలో కూర్చున్నాను కానీ, పాట నా నోటికి రాలేదు. చిన్నప్పుడు ఆదివారం బడిలో మాకు వాక్యం చెప్పిన పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కథ మధ్యలో ఆపి, ఇంతవరకూ ఏం విన్నారో చెప్పమనేది. ఎవరైనా తప్పు చెబితే తిట్టేది కాదు. “నాను సరిగ్గా సెప్పనేదు నాయనా, మళ్ళీ సెప్తాను” అని అదే కథను వేరే దారిలో మొదలుపెట్టేది. అప్పట్లో అది ఆవిడ మంచితనం అనుకున్నాను. నేర్పడమంటే అదేనని నలభై అయిదేళ్ళు దాటాక, ఆ ప్రార్థన కూటం బల్ల మీద కూర్చుని తెలుసుకున్నాను.

మర్నాడు తడిగుడ్డతో ఆ అమ్మాయి ప్లేట్ల మీది అంకెలన్నీ తుడిచేశాను. అంకె పోయాక ఇనుము కనబడింది. ఇద్దరం ప్లేట్లు వరసగా పరిచి, గాడి పడ్డ ప్రతిచోటా సుద్దతో సున్నా చుట్టాం. సున్నాలన్నీ ఒకే గీత మీద వచ్చాయి. ప్రతి ప్లేటులోనూ కింద నుంచి రెండంగుళాల దగ్గరే. ఇరవై ఏళ్ళలో ఎన్ని వందల ప్లేట్లను నేనే తుక్కుకి పంపానో! అవి ఏం చెప్పబోయాయో ఒక్కసారీ వినలేదు.

ఇంకో ప్లేటు వేయమని పక్కన నిలబడ్డాను. ఈసారి వెలుగును కాదు, ఆమెనే చూశాను. రెండంగుళాలు వచ్చేసరికి భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. చెప్పేద్దామని నోరు తెరిచి, పెద్దమ్మను తలుచుకుని ఆగాను. అక్కడ నీకేమవుతోందో నువ్వే చూసి చెప్పమ్మా అన్నాను. మళ్ళీ వేసింది. ముసుగు పైకెత్తి, రెండంగుళాల చోటు చూపించింది.

“ఊపిరి సార్. రాడ్డు అంటుకోగానే బిగబట్టేత్తన్నాను. ఇక్కడికొచ్చేసరికి ఆగనేక ఒగ్గేత్తన్నాను. అప్పుడే సెయ్యి ఎగురుతోంది.”

మట్టిబొమ్మ ముక్కులో దేవుడు ఊదాడని చిన్నప్పటి నుంచి చదువుతున్న ఊపిరి అది. అది నా ఎదుట ఆగి ఆగి కొట్టుకుంటుంటే, నేను ఇనుముకి మార్కులు వేస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి అంకెలు మానేశాను. ప్లేటుకి ఒకటే సున్నా, అన్నిటికంటే పెద్ద తప్పు చుట్టూ. అది ఎందుకొచ్చిందో ముందు వాళ్ళు చెప్పాలి, తర్వాత నేను. ఆ సున్నా పోయేదాకా ఇంకో తప్పు జోలికి వెళ్ళేవాళ్ళం కాదు. మార్కు లేకపోతే మొహాన బొట్టు లేనట్టుందని ఒకరిద్దరు గొణిగారు. రెండు వారాలకి తుక్కుడబ్బాలో ప్లేట్లు తగ్గి, బల్లల కింద వరసలు పెరిగాయి.

పరీక్ష రోజు వేరే ఊరి నుంచి పరీక్షకుడు వచ్చాడు. నేర్పినవాళ్ళు లోపల ఉండకూడదు. షెడ్డు బయట గోడ పక్కన నిలబడ్డాను. కిటికీలోంచి నీలం వెలుగు ఎదుటి గోడ మీద పడుతోంది. అది ఆగకుండా వెలుగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టింది నేనే.

ఆమె చేతి తొడుగులు విప్పుకుంటూ బయటికొచ్చింది. ఎలా వేశావని అడిగాను.

“పైనుంచి అంగుళం కాడ, ఎడంపక్క, సిన్న గాడి ఒకటుంది సార్. సెమట కంట్లోకి దిగింది. మిగతాదంతా బాగానే కుదిరింది. పాసైపోతాను.”

ఆమె ఆ మాట అనేసరికి లోపల ప్లేటు ఇంకా చల్లారలేదు. గంట తర్వాత పరీక్షకుడు నన్ను పిలిచి, ఉత్తీర్ణురాలని రాసిన కాగితంతో పాటు ఆ ప్లేటు చేతికిచ్చాడు. ఎడమ అంచు మీద వేలు పెట్టి కింద నుంచి పైకి జరిపాను. రెండంగుళాల దగ్గర నున్నగా ఉంది. పైనుంచి అంగుళం దగ్గర, ఆమె చెప్పిన చోటే, నా వేలికి చిన్న గాడి తగిలింది.