పూజ చేసిన కంప్యూటర్‌ని ముట్టుకోకూడదు

నా జీవితంలో నేను ఒక్క పెళ్ళినే చెడగొట్టాను. అది కూడా పెళ్ళి జరిగిపోయిన మూడు నెలలకు. అలిగి, అరిచి, విస్తరి ముందు నుంచి లేచిపోయి పెళ్ళిళ్ళు చెడగొట్టేవాళ్ళు ప్రతి వంశంలోనూ ఉంటారు. ఎవరినీ ఒక్క మాట అనకుండా, కంప్యూటర్ తెర మీద చిన్న గడిలో ఒక టిక్కు పెట్టి చెడగొట్టింది మాత్రం మా వంశంలో నేనొక్కణ్ణే. ఆ వైభవం ఎట్లా సాగిందో చెప్తాను, వినండి.

పెళ్ళి మా అక్కది. రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయి ఉంటుంది. రీలు కెమెరాలు మూలపడి డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్త. అప్పట్లో నేను నంద్యాల బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ల కొట్లో పని చేసేవాణ్ణి. నా హోదా సర్వీసు ఇంజనీరు. ఇంజనీరింగు చదవలేదు గానీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఉండేది. దాన్ని చూసి జనం నమ్మేవాళ్ళు. జనం సంగతి అటుంచండి, నేనే నమ్మేవాణ్ణి.

అక్కను ఆళ్ళగడ్డకు ఇచ్చారు. పెళ్ళికి ఫోటోలు తీసింది ఆళ్ళగడ్డలోనే స్టూడియో ఉన్న ఓబులేసన్న. పెళ్ళయిన రెండు నెలలకు ఆయన స్టూడియోలో ఒక కంప్యూటర్ చెడిపోయి, ఎవరిదో సీమంతం మొత్తం అందులోనే ఉండిపోయింది. ఆ సీమంతం వాళ్ళు వచ్చి స్టూడియోలో మూడు రోజులు కూర్చున్నారట. నాలుగోరోజు ఓబులేసన్న మా కొట్టుకు ఫోను చేశాడు.

"ఏమప్పా, ఒక కంప్యూటర్ సచ్చిపోయినా ఫోటోలు బతికే ఉపాయం ఏమన్నా ఉందా?"

"బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అని ఉందన్నా," అన్నాను. అంతకు ముందు రోజే ఆ డబ్బా కొట్లోకి వచ్చింది. నేను దాని అట్ట మీద బొమ్మ మాత్రమే చూశాను.

స్టూడియోలో మూడు కంప్యూటర్లు. ముందు గదిలోది కౌంటరు కోసం. నడిమి గదిలోది ఆల్బమ్‌లు చేసేది; మా అక్క పెళ్ళి అందులో ఉంది. వెనక గదిలోది వీడియోల కోసం; అక్క పెళ్ళికి మేము వీడియో పెట్టించలేదు. వీటన్నిటి నకళ్ళు దాచడానికి నాలుగో కంప్యూటర్ ఒకటి కొత్తగా కొన్నాడు. దొంగలొస్తే మొదట దాన్నే ఎత్తుకుపోతారని ఓబులేసన్న వాళ్ళ అమ్మకు గట్టి నమ్మకం. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలుస్తుంది. అవ్వ ఆ కంప్యూటర్‌ను, దానికి కరెంటు పోయినా ఊపిరి పోసే యూపీఎస్‌ను కలిపి ఇనప బీరువాలో పెట్టించి, తీగలు రావడానికి వెనక రెండు చిల్లులు కొట్టించి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

అన్ని కంప్యూటర్లకూ ఒకే రకం సెట్టింగు పెట్టేయవచ్చని సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. అట్లా చేస్తే అరగంట పని. కావాలంటే ఒక్కో కంప్యూటర్‌కు విడివిడిగా కూడా పెట్టుకోవచ్చని ఐదో పేజీలో ఉంది. అట్లా చేస్తే రెండు రోజుల పని, రెండు పూటలా అక్క వాళ్ళింట్లో భోజనం. నేను ఐదో పేజీ పక్షం వహించాను.

"మొత్తం నీ ఇష్టమప్పా," అన్నాడు ఓబులేసన్న. "కానీ రాహుకాలంలో మాత్రం అది పని మొదలు పెట్టగూడదు."

ఆ సాఫ్ట్‌వేర్‌లో రోజుకొక టైము విడిగా పెట్టుకునే వీలుంది. రాసినవాళ్ళు రాహుకాలం ఎరిగినవాళ్ళే అయి ఉంటారని నాకు నమ్మకం కుదిరింది. గోడ మీది క్యాలెండరు తీసి ముందు పెట్టుకొని వారం మొత్తానికీ టైములు పెట్టాను. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర. కాబట్టి బుధవారం నకలు తీయడం ఒంటిగంటా ముప్పై ఒకటికి.

"ఇంకోటి," అన్నాడు ఓబులేసన్న. "ఆల్బమ్ ఇచ్చేసినాక ఆ పెండ్లిని మేము నడిమి దాంట్లో తీసేస్తాం. మరి బీరువాలో అది అట్లే ఉంటే పెట్టె నిండిపోదా?"

అప్పుడు పెట్టాను ఆ టిక్కు. నడిమి కంప్యూటర్ సెట్టింగుల్లో అట్టడుగున ఒక గడి. ఇక్కడ తీసేసినవి నకల్లో కూడా తీసేయమని దాని అర్థం. దాని కింద ఎర్ర అక్షరాలతో రెండు వరుసలు ఉన్నాయి. అవి చదవలేదు. అక్క చేసిన ఉగ్గాని బజ్జీలు చల్లారిపోతున్నాయి.

ఇక ముందు గది కంప్యూటర్. నేను దానివైపు తిరగ్గానే స్టూడియోలో ఆల్బమ్‌లు చేసే మద్దిలేటి అడ్డుపడ్డాడు.

"దానికి దండగన్నా. పనికిరాని ఫోటోలన్నీ అందులో పడేస్తాండాం. కండ్లు మూసుకున్నెవి, కదిలిపోయినెవి."

నాకు ఆకలిగా ఉండటం వల్ల అతని వాదన బాగా నచ్చింది. దాన్ని సాఫ్ట్‌వేర్ కాపలా నుంచి తప్పించేశాను.

"సరే, దీనికి బ్యాకప్ లేదు. దీంట్లో ఏదీ చెరపొద్దు," అని మద్దిలేటికి హెచ్చరిక చేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు సవరించుకొని నడిమి కంప్యూటర్ తట్టి, "దీంట్లో మాత్రం ఏమన్నా చేసుకో. మొత్తం తుడిచేసినా బీరువాలో భద్రంగా ఉంటుంది," అన్నాను. టిక్కు పెట్టి గంట కూడా కాలేదు. మర్చిపోయాను.

నెల తిరిగింది. దసరాలో ఆయుధపూజ బుధవారం పడింది. మా కొట్లో కూడా పూజ అయిపోయి, నా స్క్రూడ్రైవరు బొట్టు పెట్టించుకొని పటం ముందు పడుకుంది. పదకొండున్నరకు మద్దిలేటి ఫోను.

"అన్నా, పండగ బాగా జరిగిందా? ఈడ పూజ ఇప్పుడే అయిపాయ. పొద్దున్నే కంప్యూటర్లన్నీ శుభ్రం చేస్తి."

"మంచిది. తడి గుడ్డతో తుడవలేదు కదా?"

"బయటే కాదన్నా, లోపల కూడా. శిల్పాలు చెక్కేటోళ్ళు ఉలులు కడిగినట్ల కడిగేస్తి. నడిమి దాంట్లో పెండ్లిండ్లన్నీ తీసేస్తి. నువ్వే అంటివి గదా బీరువాలో ఉంటాయని. కొత్తగా కొన్నట్ల మెరుస్తాండాది."

అప్పుడు గుర్తొచ్చింది టిక్కు. కాళ్ళకింద నేల ఉందో లేదో ఒకసారి చూసుకున్నాను.

"చెత్తబుట్టలో ఉంటాయిలే," అన్నాను, నాకు నేనే ధైర్యం చెప్పుకుంటూ.

"చెత్తబుట్ట ఖాళీ చేయకుండా పండగ యాడన్నా చేస్తారాన్నా?"

కెమెరా కార్డుల మీద ఆశ లేదు. అవి అక్క పెళ్ళి తర్వాత ఇంకో ఆరు పెళ్ళిళ్ళు చూసేశాయి. ఆ ఆరిళ్ళవాళ్ళూ ఆల్బమ్‌లు పట్టుకెళ్ళిపోయారు, మిగిలింది మా అక్కదే. ఒంటిగంటా ముప్పై ఒకటికి ఆ సాఫ్ట్‌వేర్ లేచి, నడిమి కంప్యూటర్ ఖాళీగా ఉందని చూసి, బీరువాలోని నకలును కూడా అంతే శ్రద్ధగా ఖాళీ చేస్తుంది.

"మద్దిలేటీ, ఆ కంప్యూటర్ ఆపెయ్. ఇప్పుడే."

"పూజ అయినంక రేపు టెంకాయ కొట్టేదాకా ముట్టుకోగూడదన్నా."

"పోనీ తీగ పీకెయ్."

"తీగక్కూడా బొట్టు పెట్టింది అవ్వ."

"మెయిన్ స్విచ్చి?"

"దానికి దండే వేసినాం. ఎందుకన్నా, ఏమయింది?"

ఇక్కడ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. 'నేను తప్పు చేసినాను' అని. మూడే మాటలు. నా గొంతులోంచి మాత్రం, "ఏం లేదు, ఊరికే వేడెక్కుతుందేమోనని," అని వచ్చింది.

"అంతేనా? ఇసనకర్ర తెచ్చి ఇసురుతాలే అన్నా," అని మద్దిలేటి ఫోను పెట్టేశాడు.

ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాను. దానికీ పూజ అయింది. ముందు అద్దానికి అరటి పిలకలు రెండు కట్టారు. వాటి మధ్య నుంచి దారి వెతుక్కుంటూ డ్రైవరు తీరిగ్గా నడిపాడు. దిగేసరికి ఒంటిగంటా ఇరవై. స్టూడియోలోకి పరిగెత్తాను. నడిమి గదిలో కంప్యూటర్ మెడలో బంతిపూల దండ, తెర మీద పసుపు కుంకుమ. మద్దిలేటి నిజంగానే విసనకర్రతో విసురుతున్నాడు. ఓబులేసన్న చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. పక్కన కుర్చీల్లో మా అక్క, వాళ్ళ అత్త. పండగపూట ఆల్బమ్ అడగడానికి వచ్చారు.

"దీపావళికి మా చుట్టాలంతా వస్తాండారు. అప్పటికన్నా ఆల్బమ్ చేతికిస్తావా ఓబులేసూ?" అంటోంది అక్క అత్త.

"రేపు టెంకాయ కొట్టంగానే పని మొదలు పెడతామమ్మా. ఫోటోలన్నీ భద్రంగా ఉండాయి. ఇదో, ఇంజనీరే వచ్చినాడు, అడుగు," అన్నాడు ఓబులేసన్న.

అందరూ నావైపు చూశారు. అక్క ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది. ఆ గర్వమే నా నోరు నొక్కేసింది.

"అవ్వా, ఈ కంప్యూటర్ ఒక్క నిమిషం ఆపాల," అన్నాను.

అవ్వ వచ్చి కంప్యూటర్‌కూ నాకూ మధ్య బాసింపట్టు వేసుకొని కూర్చుంది. "ముట్టుకుంటే ఏడాదంతా పని దొరకదప్పా."

"మరి బస్సుకు పూజ చేసి నడుపుతాండారు గదా?"

"అది గవర్మెంటుది. దాని పాపం గవర్మెంటుకు."

"పోనీ బీరువా తాళమన్నా ఈయి."

"తాళంచెవిక్కూడా బొట్టు పెట్టినా. అసలు ఎందుకో చెప్పు."

ఒంటిగంటా ఇరవై ఎనిమిది. చెప్పొచ్చు. అక్క చూస్తోంది, వాళ్ళ అత్త చూస్తోంది. "చిన్న సెట్టింగు చూడాల," అన్నాను.

"చిన్నదే గదా, రేపు సూస్తువులే. ముందు బూరెలు తిను," అని అవ్వ మద్దిలేటి చేత పళ్ళెం తెప్పించింది.

మీరు నమ్మరు గానీ, ఆ రోజుల్లో ఆళ్ళగడ్డలో మధ్యాహ్నం కరెంటు ఉంటే అది వార్త. ఆ బుధవారం పండగని కరెంటు పోలేదు. పోయినా లాభం లేదు. మూడు కంప్యూటర్లకూ, బీరువాలోదానికీ యూపీఎస్‌లు పట్టుబట్టి అమ్మింది నేనే. చేతిలో బూరె పట్టుకొని గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఒకటికి నడిమి కంప్యూటర్ మీద చిన్న పచ్చదీపం టకటకా మిణుకుమనడం మొదలుపెట్టింది. బీరువాలోంచి గుర్రుమని చప్పుడు.

అవ్వ రెండు చేతులూ జోడించింది. "సూడండమ్మా! పూజ చేసినందుకు ఎవరూ ముట్టుకోకుండానే ఎంత బాగా పని చేస్తాండాదో!"

అక్క, వాళ్ళ అత్త కూడా దండం పెట్టారు. నేనూ పెట్టాను. రెండు నిమిషాల్లో దీపం ఆగింది. అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. టిక్కు దగ్గర నుంచి బజ్జీల దాకా.

మద్దిలేటి విసరడం ఆపేశాడు. తర్వాత అవ్వ నా ముఖంలోకి చూసి అంది: "ముందే చెప్పింటే నేనే పీకేస్తుంటిని గదరా నాయనా. పూజ రేపు మల్లా చేసుకోవచ్చు. పెండ్లి మల్లా చేస్తామా?"

అక్క ఏడ్చింది. మా నాయన ఆమెను చేయి పట్టుకొని పీటల మీదికి తెచ్చిన ఫోటో ఒకటి ఉండేదట. దాని కోసం ఏడ్చింది. నాకు ఆ క్షణంలో భయం తప్ప ఇంకేమీ వేయలేదు. ఏడుపు తిరుగు బస్సులో వచ్చింది, శిరివెళ్ళ దాటాక.

మర్నాడు టెంకాయ కొట్టాక, చెరిగిపోయినవి వెతికే సాఫ్ట్‌వేర్ పట్టుకొని వెళ్ళాను. అది రాత్రిదాకా వెతికి మూడు వందల ఫోటోలు తెచ్చిచ్చింది. ప్రతిదాంట్లోనూ పైన నాలుగు వేళ్ళ మందం పందిరి ఉంది. కింద అంతా బూడిదరంగు. ఆ పందిరి ఎంత బాగుందో అప్పుడే మొదటిసారి గమనించాను.

అప్పుడు మద్దిలేటి మెల్లగా అన్నాడు. "అన్నా, ముందు గదిలో చెత్త ఫోటోలు ఉండాయి గదా. వాటిని మాత్రం నేను ముట్టలే. బ్యాకప్ లేదని నువ్వు చెప్పింటివి."

అలా, నేను కాపలా పెట్టిన పెళ్ళి ఫోటోలన్నీ పోయాయి. నేను కాపలా అక్కర్లేదన్నవి మాత్రం భద్రంగా మిగిలాయి. అక్క పెళ్ళివి ఎనభై నాలుగు ఫోటోలు. ఓబులేసన్న వాటితోనే ఆల్బమ్ చేశాడు. మంచి తోలు అట్ట వేశాడు, మీద బంగారు అక్షరాలు కూడా.

ఆ ఆల్బమ్ ఇప్పటికీ మా అక్క ఇంట్లో ఉంది. తాళి కట్టే ఫోటోలో బావ ఆవులిస్తున్నాడు. తలంబ్రాల్లో అక్క తుమ్ముతోంది. పురోహితుడు అన్ని ఫోటోల్లోనూ నిద్రపోతున్నట్టే ఉంటాడు. నాయన అక్క చేయి పట్టుకొని వచ్చే ఫోటో ఒకటి అందులోనూ దొరికింది, కానీ కదిలిపోయి ఇద్దరూ పొగలా ఉన్నారు. అక్క ఆ పేజీ దగ్గర ఇప్పటికీ కాసేపు ఆగుతుంది. నాయన పోయి నాలుగేళ్ళయింది.

ఆ తర్వాతి పేజీల్లో నేనుంటాను. పదకొండు ఫోటోల్లో ఉన్నాను. పదకొండింటిలోనూ నోరు తెరిచి ఏదో ఒకటి తింటున్నాను. అక్క అత్త ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆల్బమ్ చూపించి, ఆ పేజీ దగ్గర వేలు పెట్టి మరీ చెప్తుంది. "మా కోడలి తమ్ముడు. తెరవాల్సిన రోజు తెరవని నోరు ఇదే."

కాబట్టి అవ్వ బీరువా సాక్షిగా, అందులోని ఖాళీ పెట్టె సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ కంప్యూటర్ సెట్టింగుల్లోనైనా ఎర్ర అక్షరాలు కనబడితే నిలబడి చదువుతాను. తప్పు చేస్తే ఒంటిగంటా ముప్పైలోపే ఒప్పుకుంటాను. ఇక కెమెరా ఉన్న పెళ్ళిలో, అది ఎంత దగ్గరి చుట్టాలదైనా సరే, ఫోటోగ్రాఫరు భోజనానికి కూర్చున్నాకే నేను కూర్చుంటాను.