పంకాలున్న జెట్ విమానం

లాల్ అహ్మద్ ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. అయినా యాభై ఏళ్ల కిందట గవర్నర్‌పేటలో విమానం గురించి ఆయనంత కళ్లకు కట్టినట్టు చెప్పగలిగినవాళ్లు ఇంకొకరు లేరు.

ఇప్పుడు ఆయనకు డెబ్భై మూడు. లాడ్జీల సందులో, ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు తగిలేంత కొట్లో, చక్రాలూడిన ట్రాలీ సూట్‌కేసులు, పళ్లు విడిపోయిన జిప్పులు బాగుచేస్తుంటాడు. ట్రాలీ పట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ ఎక్కడికని అడుగుతాడు. బెంగుళూరనో, బొంబాయనో అంటే, వాడి ఒంటిమీదున్న నిక్కరు కేసి చూసి పెదవి విరుస్తాడు.

"ఇట్టాగే వెళ్తారా విమానానికి?"

"ఏం సాయిబుగారూ, తప్పా?"

"తప్పేం లేదులే బాబూ. మా రోజుల్లో విమానం ఎక్కేవాళ్లకి కోటు కుట్టించేవాళ్లు. సాగనంపడానికి మూడు కార్లలో చుట్టాలు, మెళ్లో దండ. ఇప్పుడు పాలపాకెట్టుకి వెళ్లినట్టు వెళ్తున్నారు."

ఆ రోజుల్లో ఆయన చూసింది మాత్రం విమానాన్ని కాదు, విమానం సంచీని. ఊళ్లో ఆస్పత్రి పెట్టుకున్న డాక్టరుగారొకాయన బొంబాయి వెళ్లొచ్చి, తెగిన పట్టీ కుట్టమని ఒక నీలం రెక్సిన్ సంచీ తెచ్చాడు. విమానం కంపెనీవాళ్లు ఇచ్చింది. పక్కన తెల్లరంగులో నాలుగు ఇంజన్ల జెట్టు. పట్టీ కుడుతున్నంతసేపూ లాల్ అహ్మద్ అడుగుతూనే ఉన్నాడు, డాక్టరుగారు చెబుతూనే ఉన్నారు. సంచీ తిరిగిచ్చేలోపు కాగితం మీద కొలతలన్నీ దిగాయి.

ఎక్స్‌రే ఫిల్ముని విమానం ఆకారంలో కత్తిరించి అచ్చు చేసుకున్నాడు. నీలం రెక్సిన్ మీద ఆ అచ్చు పెట్టి తెల్లరంగు పిచికారీ కొట్టాడు. పక్కన ఇంగ్లీషులో 'ఎయిర్ లైన్స్' అని మాత్రం రాశాడు. కంపెనీ పేరు వద్దని పని నేర్పిన ఉస్తాదు ముందే చెప్పాడు. "పేరు పెడితే పోలీసులొస్తారు. పేరులేని విమానం కోసం ఎవరొస్తార్రా?"

మొదటి వారం ఒక్క సంచీ కదల్లేదు. డెల్టా ఊళ్లనుంచి వచ్చిన రైతులు అటూ ఇటూ తిప్పిచూసి, "పంకాల్లేవేందయ్యా? పంకాల్లేకుండా ఎట్టా ఎగురుద్ది?" అని కింద పెట్టేసేవాళ్లు. మందు జల్లడానికి పొలాల మీదికొచ్చే చిన్న విమానానికి వాళ్లు పంకా చూశారు. జెట్టుకి పంకా బయటికి కనపడదని డాక్టరుగారు చెప్పిన మాట ఎంత చెప్పినా వినలేదు. విసిగిపోయి ఒక మధ్యాహ్నం సన్నకుంచెతో నాలుగు ఇంజన్లకీ నాలుగు పంకాలు తగిలించాడు. శనివారంకల్లా సరుకంతా అయిపోయింది.

ఆ సంచీల్లో ఒకటి మొన్న ఆషాఢంలో ఆయన కొట్టుకి తిరిగొచ్చింది.

తెచ్చినామె పేరు వెంకటరత్నమ్మ. కంకిపాడులో టీచరుగా చేసి రిటైరైంది. పాతచీరలో చుట్టిన సంచీని బల్లమీద పెట్టి, మూట విప్పి, చెయ్యి మాత్రం దానిమీదనుంచి తియ్యలేదు.

"బ్యాగులు బాగా తెలిసినవాళ్లు ఎవరని అడిగితే తమరి పేరు చెప్పారండీ. ఇది అసలుదో, డూప్లికేటో చూసి చెప్పాలి."

లాల్ అహ్మద్ కళ్లజోడు పెట్టుకోనక్కర్లేకపోయింది. వెలిసిపోయిన తెల్లవిమానం, నాలుగు ఇంజన్లు, నాలుగు పంకాలు.

"ఎవరిదమ్మా ఇది?"

"మా నాన్నగారిది. వెంకటప్పయ్య అని, చల్లపల్లి దగ్గర మాది. డెబ్భై మూడులో మద్రాసులో కళ్లు చూపించుకుని, అక్కణ్ణుంచి హైదరాబాదు హైకోర్టు పనికి విమానంలో వెళ్లారండీ. మా ఊరికంతటికీ మొదట విమానం ఎక్కింది ఆయనే. పెళ్లిచూపులకి వెళ్లే ప్రతి కుర్రాడూ ఈ సంచీ అడిగి పట్టికెళ్లేవాడు. ఇది భుజాన ఉంటే సంబంధం కుదిరినట్టేనని పేరు."

"మరి డూప్లికేటని ఎవరన్నారు?"

"మా తమ్ముడి కొడుకు, పవన్‌కుమార్. జెట్టుకి ఫ్యాన్లేంటత్తా, తాతయ్య ఎక్కింది విమానం కాదు, మెయిలు బండి అని ఒకటే నవ్వు." ఆమె సంచీని కాస్త దగ్గరికి లాక్కుంది. "వచ్చేవారం మా రిటైరైన టీచర్లం పన్నెండుమంది ఢిల్లీ వెళ్తున్నాం. నేను విమానం ఎక్కడం ఇదే మొదలు. ఇది అసలుదైతే జిప్పు వేసివ్వండి, భుజాన తగిలించుకుని ఎక్కుతాను. కాదంటే చెప్పెయ్యండి, అటకమీద పడేస్తాను."

లాల్ అహ్మద్ జిప్పు లాగుతున్నట్టు తల వంచుకున్నాడు. "ఏం చెప్పేవారమ్మా నాన్నగారు, విమానం గురించి?"

"అబ్బో! పట్టుచీర కట్టుకున్న అమ్మాయి గుమ్మంలో నిలబడి నమస్కారం పెడుద్దట. పళ్లెంలో పిప్పరమెంట్లు, చెవుల్లో పెట్టుకోడానికి దూది. అన్నిటికన్నా నాకిష్టమైంది ఒకటుందండీ. మబ్బులు దాటాక కిటికీ అద్దం మీద మంచు పూలు పూస్తాయట. వేలితో తడితే కరిగి మళ్లీ పూస్తాయట. చిన్నప్పుడు బస్సు అద్దం మీద ఎన్నిసార్లు తట్టానో."

ఆయన చేతిలో జిప్పు ఆగిపోయింది. పట్టుచీర అమ్మాయి, పిప్పరమెంట్లు, దూది డాక్టరుగారు చెప్పినవి. మంచు పూలు ఎవరూ చెప్పలేదు. సంచీ కొన్నవాళ్లకి కొసరుగా తను అల్లి చెప్పినవి.

"ఎల్లుండి రండమ్మా, లోపలికూడా విప్పి చూడాలి," అన్నాడు. విప్పి చూడాల్సిందేమీ లేదని ఆయనకు తెలుసు.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య జైతూన్ బీకి ఉర్దూలో అంతా చెప్పాడు. ఆమె అన్నం పెడుతూ వింది.

"అసలుదే అని చెప్పేస్తా. పోయేదేముంది? ఆమె సంతోషంగా వెళ్తుంది."

"వెళ్తుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది. మంచు పూల కోసం చూస్తుంది," అంది జైతూన్ బీ. "అవి లేకపోతే? ఆకాశంలో, ఒక్కతే కూర్చుని, మా నాన్న అబద్ధాలకోరు అనుకుంటుంది. అబద్ధం ఆడింది మీరు, మాట పడేది పోయినాయన."

లాల్ అహ్మద్ ముద్ద కలిపినవాడు నోట్లో పెట్టుకోలేదు.

"తినండి. నిజం చెప్పాలన్నా బలం కావాలిగా."

రెండురోజుల్లో సంచీకి కొత్త జిప్పు వేశాడు. చీకిన లోపలిగుడ్డ తీసి కొత్త నీలంగుడ్డ కుట్టాడు. తన పాతకుట్టు విప్పుతుంటే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి తొందర కనపడింది, ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా. ఈసారి తీరిగ్గా కుట్టాడు. విమానం జోలికి మాత్రం వెళ్లలేదు.

వెంకటరత్నమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. సంచీ ఆమె ఒళ్లో పెట్టి, ఆమె జిప్పు లాగి చూసుకోకముందే చెప్పేశాడు.

"అమ్మా, ఇది డూప్లికేటు. కుట్టింది నేనే."

ఆమె సంచీకేసి చూసింది, ఆయనకేసి చూసింది.

"అయితే నాన్న..."

"సంచీ నా దగ్గర కొన్నారు. ఎక్కారో లేదో సంచీ చెప్పదు. కానీ అమ్మా, ఆ పట్టుచీర అమ్మాయి, ఆ దూది... అవి కూడా ఈ కొట్లో మాటలే. సంచీ కొన్న ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ణి."

"కొన్నాకే చెప్పేవారా?"

"ముందే చెప్తే విని వెళ్లిపోయేవాళ్లమ్మా."

ఆమెకు నవ్వొచ్చినట్టే వచ్చి ఆగింది. సందులో ఆటో ఒకటి హారన్ కొడుతూ దూరింది.

"ముప్ఫై ఏళ్లు క్లాసులో పిల్లలకి చెప్పానండీ ఈ కథ," అంది చివరికి. "అందులో నిజమెంత?"

"పట్టుచీర నిజం, పిప్పరమెంట్లు నిజం, దూది నిజం. డాక్టరుగారు చెప్పారు."

"మంచు పూలు?"

"అవి నా సొంతం," అన్నాడు లాల్ అహ్మద్, నేల చూస్తూ. "మీ నాన్నగారి మొహం నాకు గుర్తులేదు, అబద్ధమెందుకు. కానీ మొన్న మీరు చెప్తుంటే ఒక్క ముక్క తప్పిపోలేదు. నేను చెప్పింది అంత శ్రద్ధగా విన్నవాడు ఇంకోడు లేడు."

ఆమె పట్టీ ఒకసారి నిమిరింది. తర్వాత, పాఠం అప్పజెప్పించుకునే గొంతుతో అడిగింది.

"ఇంతకీ తమరు ఎక్కారా?"

"లేదమ్మా."

"ఎందుకని?"

నిక్కర్లవాళ్ల సంగతి చెప్పబోయి మానుకున్నాడు. "నేను చెప్పిందేదీ అక్కడ ఉండదేమోనని భయం."

"అయితే నేను చూసొస్తాను. ఉంటే ఉందంటా, లేకపోతే లేదంటా. టీచర్ని, మార్కులు ఊరికే వెయ్యను." సంచీ ఒళ్లోంచి తీసి మళ్లీ బల్లమీద పెట్టింది. "ఆ పంకాలు బాగా వెలిసిపోయాయండీ. కాస్త దిద్దండి. నాలుగూ."

"నవ్వుతారేమోనమ్మా."

"నవ్వనివ్వండి. మా నాన్న పట్టుకొచ్చిన విమానం ఇదేగా."

ఆయన సన్నకుంచె తీశాడు. నాలుగు పంకాలూ తిన్నగానే వచ్చాయి.

తరువాతి వారం, కొట్టు కట్టేసి ఇంటికొచ్చి టీ తాగుతుండగా ఫోన్ మోగింది. అవతల ఢిల్లీ రొద.

"సాయిబుగారూ, ఉన్నాయండీ!"

"ఏమిటమ్మా?"

"మంచు పూలు! కిటికీ అద్దానికి కింద సూదిబెజ్జమంత కన్నం ఒకటుంది. దాని చుట్టూ సన్నగా, తెల్లగా, అచ్చం పువ్వులాగే కట్టింది. ఫోటో పంపుతున్నా చూడండి."

లాల్ అహ్మద్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "వేలితో తట్టారా?"

"తట్టకుండా ఉంటానా? కరగలేదు. ఇటువైపు ఇంకో అద్దం ఉంది. ఆ ముక్కకి మార్కు లేదు."

"న్యాయమే. పిప్పరమెంట్లు?"

"ఇవ్వలేదు. నమస్కారం పెట్టింది గాని పట్టుచీర కూడా కాదు. ఎందుకైనా మంచిదని సంచీలో ఒక పాకెట్టు వేసుకుని వెళ్లానులెండి. పైకి లేవగానే మావాళ్లందరికీ నేనే పంచాను. పక్కసీటు కుర్రాడు కూడా తీసుకున్నాడు. ఈ బ్యాగ్ ఎక్కడ దొరుకుద్దాంటీ అని అడిగాడు."

"నిక్కరేనా?"

"నిక్కరే," అని ఆమె నవ్వింది. "కానీ మంచి పిల్లాడు."

ఫోన్ పెట్టేశాక ఫోటో వచ్చింది. బయట నీలం, మధ్యలో చిన్న తెల్లపువ్వు. దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాడు, ఇంకా పెద్దది చేసి చూశాడు. తర్వాత లోపలికెళ్లి ట్రంకుపెట్టె మూత ఎత్తాడు.

"ఏం వెతుకుతున్నారు?" అని వంటింట్లోంచి కేకేసింది జైతూన్ బీ.

"నా కోటు. గుండీలు ఉన్నాయో లేదో చూస్తున్నా."

జైతూన్ బీ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆయన చేతిలో కోటు, మంచం మీద వెలుగుతున్న ఫోను, రెండూ చూసింది.

"ఒకటి ఊడింది, కుట్టుకోండి," అంది. "కిటికీ సీటు మాత్రం నాది."