పదిహేడో వాడు ఇల్పో

కెమియార్వి ఊళ్ళో ఇల్పో హకోసాలో ఎవరని అడిగితే కాస్త ఆలోచిస్తారు. పదిహేడో వాడి ఇల్లెక్కడంటే మాత్రం చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తారు.

ఇల్పోది స్కీయింగ్‌లో గడ్డల పోటీ. కొండవాలు మీద మంచు గడ్డలు గడ్డలుగా పోసి ఉంటుంది. వాటి మీంచి మోకాళ్ళు గడ్డానికి తగిలేలా దూసుకొస్తూ, దారిలో రెండుసార్లు గాల్లోకి లేచి పల్టీకొట్టి, పడకుండా కిందికి చేరాలి. ఫిన్లండ్ తరఫున పదకొండేళ్ళు ప్రపంచ కప్పు ఆడాడు. ఫైనల్‌కి తీసుకునేది పదహారు మందిని. జపాన్ వెళ్ళినా, కెనడా వెళ్ళినా ఇల్పో పదిహేడో వాడే. ఒకసారి స్వీడన్‌లో ఇరవై రెండో వాడిగా వస్తే, తల్లి హెల్వి ఫోన్ చేసి ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

ముప్ఫై మూడో ఏట, ఇక ఇదే ఆఖరు అనుకుని రుకా కొండ మీద పోటీకి దిగాడు. సొంత దేశంలో పోటీ కదా అని హెల్వి క్యాన్ నిండా బఠాణీ సూపు పట్టుకుని బస్సెక్కి వచ్చింది. ఇల్పో మళ్ళీ పదిహేడో వాడయ్యాడు. కోచ్ రౌనో "ఊఁ" అన్నాడు. ఆయన ఓదార్పులో అంతకంటే పొడుగు మాట లేదు.

తల్లీకొడుకులు కొండ కిందే ఉన్న అద్దె గుడిసెకి వచ్చేశారు. ఇల్పో తడిసిన బట్టలు సౌనాలో, అంటే కట్టెల పొయ్యితో కాగే ఆవిరిగదిలో ఆరేసి, ఒళ్ళంతా చెమట పట్టేదాకా అక్కడే కూర్చుని, బయటికొచ్చి మూడు గిన్నెల సూపు తాగాడు. పైన రెండు సాసేజీలు కూడా లాగించాడు. పోటీ రోజున కడుపు నిండా తినడం పదకొండేళ్ళలో అదే మొదలు.

అప్పుడు రౌనో వచ్చాడు. బూట్ల మంచు దులుపుకుని, టోపీ తీసి కూర్చున్నాడు. హెల్వి కాఫీ పోసింది. సగం తాగాక నోరు విప్పాడు.

"పదహారులో ఉన్న నార్వే అతనికి మోకాలు పట్టేసిందట. ఫైనల్లో నువ్వున్నావు."

"ఎప్పుడు?"

"ఇరవై నిమిషాల్లో."

"ఆ ముక్క కాఫీకి ముందు చెప్పకూడదటయ్యా?" అంది హెల్వి.

"మీరు పోసేశారు కదండీ," అన్నాడు రౌనో.

పొగ వాసన కొడుతున్న బట్టలు తొడుక్కుని ఇల్పో కొండెక్కాడు. భయపడడానికి తీరిక లేదు. మనసులో ఒకటే ధ్యాస, టీవీ కెమెరాల ముందు సూపు బయటికి రాకూడదని. అందుకని నడుం పైభాగం ఇసుమంతైనా కదలకుండా, నిండు గిన్నె మోస్తున్నవాడిలా దిగాడు. న్యాయనిర్ణేతలు చూసేది సరిగ్గా ఆ నిలకడనే. రెండో పల్టీ కొట్టి నిలదొక్కుకునేసరికి జనం లేచి నిలబడ్డారు.

ఏడో స్థానం. ఆఖరి పరుగుకు ఆరుగురినే పిలుస్తారు.

ఇల్పో ఆ మంచులోనే కూలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత నిలకడ ఎలా వచ్చిందని విలేకరులు అడిగితే ఉన్నమాటే చెప్పాడు. ఒక్కరూ రాసుకోలేదు.

తిరుగు బస్సులో హెల్వి ఖాళీ క్యాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇన్నేళ్ళలో నీ రెండో పల్టీ నేనెప్పుడూ చూళ్ళేదురా. కళ్ళు మూసేసుకునేదాన్ని. ఇవాళ చూశాను."

"ఎలా ఉందమ్మా?"

ఆవిడ టోపీ చెవుల మీదికి లాక్కుంది. "పర్లేదు," అని, కొడుకు భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది.