బందరులో రెండు తడకలు

మా ముత్తాత ఒక నవాబుగారి జాగీరు లెక్కలన్నీ చూసే దఫ్తర్దారు. మా తాత అదే కచేరీలో కాగితాలు అందించే పేష్కారు. మా బాపు కాలానికి జాగీరూ లేదు, కచేరీ లేదు. పత్తర్‌గట్టిలో ఒక్క దుకాణమూ, హైదరాబాదు లాల్‌దర్వాజా ఇంట్లో ఎండాకాలం గడిపే పద్ధతీ మాత్రం మిగిలాయి. ఆ రోజుల్లో ఎండకు కూడా మేము హోదాతోనే ఎదురునిలిచేవాళ్ళం. కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి, గంటకోసారి నీళ్ళు చల్లితే బయటి వడగాలి లోపలికి చల్లగా, కమ్మగా వచ్చేది. వీధిలోవాళ్ళు విసనకర్రలతో తంటాలు పడుతుంటే జాలిపడేవాణ్ణి. (అప్పుడు నేనొక ఆఫీసులో గుమాస్తాను. జాలిపడేంత జీతం కాదు.)

సరిగ్గా రోహిణి కార్తెలో బందరు నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి బడిపంతులు. చూపులకు పండ్లు తీసుకెళదామని మా మేనమామ అంటే బాపుకు నచ్చలేదు. "పండ్లు అందరు తీస్కపోతరు. మన ఇంటి నుంచి చల్లదనం పోవాలె" అన్నాడు. అఫ్జల్‌గంజ్‌లో రెండు కొత్త తడకలు కొని, చుట్టకట్టి, మామా నేనూ రైలెక్కాం. "ఏందన్నా, బర్రెలకు గడ్డి తీస్కపోతున్నరా?" అని పక్క బెంచీ ఆయన అడిగాడు. దఫ్తర్దారు మునిమనవడు అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడు.

పంతులుగారింట్లో తడకలు నేనే కట్టాను. పెద్దది తూర్పు కిటికీకి, చిన్నది పక్కదానికి. నిండు బిందె నీళ్ళు పోసి, తలుపులు మూయించి, షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకుని కూర్చున్నాను. మా ఇంటి వేసవుల గురించి ఓ పావుగంట మాట్లాడి ఉంటాను. గదిలో సువాసన బాగానే వచ్చింది. చల్లదనమే రాలేదు. పంతులుగారి కళ్ళజోడు మసకబారింది. మంచమ్మీది బామ్మ లేచి కూర్చుని, "ఒరే అబ్బాయ్, నన్ను ఇడ్లీ పాత్రలో పెట్టి మూతేశార్రా!" అంది కొడుకుతో.

"తడి చాలలేదు" అన్నాను గంభీరంగా. ఇంకో బిందె పోశాను.

"అల్లుడా, ఊపిరాడ్తలేదురా" అన్నాడు మామ.

అప్పుడే పిల్ల కాఫీ తెచ్చింది. బల్లమీద పెట్టి, తడకల వంక చూసి, నెమ్మదిగా అంది: "మీ ఊళ్ళో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడిపితే చల్లబడుతుందండీ. ఇక్కడ గాలే తడి. మధ్యాహ్నం దాటితే సముద్రం మీది గాలి వచ్చేది ఆ తూర్పు కిటికీలోంచే. దాన్నే మూసేశారు."

"అమ్మాయ్!" అన్నారు పంతులుగారు.

పెళ్ళిచూపుల్లో పిల్ల నోరు విప్పడమే వింత; వరుడికి పాఠం చెప్పడం మరీను. అందరూ నావైపే చూస్తున్నారు. నా ముక్కు చివర చెమటబొట్టు వేలాడుతోంది. తుడుచుకుంటే ఓడిపోయినట్టని ఊరుకున్నాను.

"మాట తూలకు. లొల్లి పెట్టుకుంటే సంబంధం పోతది" అని మామ చెవిలో గొణిగాడు. పోతే పోనీ అనుకున్నాను ఒక్క క్షణం. మళ్ళీ ఆ పిల్లను చూశాను. వెక్కిరింపు లేదు, లెక్క తప్పిన పిల్లవాడి కోసం ఆగినట్టు ఆగి ఉంది.

లేచి వెళ్ళి తూర్పు కిటికీ తాళ్ళు విప్పాను. తడక దబ్బున కిందపడింది. ఉప్పు వాసనతో గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. "అమ్మయ్య!" అని బామ్మ మళ్ళీ పడుకుంది.

"నేను పొరబడ్డాను" అన్నాను. మా వంశంలో ఆ మాట పైకి అన్నది నేనే మొదటివాణ్ణని నా అనుమానం.

సాయంత్రం వసారాలో పంతులుగారు అడగడం వినిపించింది, "ఏం చెప్పమంటావే?" అని.

"తనే దించాడుగా నాన్నా. చాలు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నాచేత ఇంకా చాలా దింపించింది. అయినా రెండో బిందె పోసిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. అంత నమ్మకంతో నేను మళ్ళీ ఏ పనీ చెయ్యలేకపోయాను.

పెళ్ళి శ్రావణంలో జరిగింది. మా వైపు మర్యాదలకు లోటు రాకూడదని బాపు పత్తర్‌గట్టిలో మాకు మిగిలిన ఒక్క దుకాణాన్నీ అమ్మేశాడు.