తుంటి కీలులో సగ్గుబియ్యం

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ప్యాకింగ్ పని చేసేదాన్ని. షిఫ్టంతా నిలబడే ఉండాలి. ముప్పై నాలుగేళ్ల వయసులో కుడి గజ్జల్లో నొప్పి మొదలైంది. మొదట్లో బస్సు ఎక్కేటప్పుడు కలుక్కుమనేది, అంతే. ఏడాది తిరిగేసరికి కింద కూర్చుంటే లేవలేకపోయేదాన్ని.

సంగారెడ్డిలో డాక్టరు నడుం దగ్గర నరం ఒత్తుకుందన్నాడు. బెల్టు పెట్టుకున్నాను, మాత్రలు మింగాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. దాంతో ఇంట్లో నా నొప్పికి విలువ పోయింది. అత్తమ్మ పైకి ఏమీ అనేది కాదు గానీ, నేను కుంటుతుంటే మొహం తిప్పుకునేది. ఫ్యాక్టరీలో కూర్చోడానికి స్టూలు అడిగితే, నీకిస్తే అందరూ అడుగుతారన్నాడు సూపర్‌వైజరు.

ఒక ఆదివారం స్నానాల గదిలో కాలు బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. తడిబట్టలతో గోడ పట్టుకుని నిలబడ్డాను. గడియ చేతికందలేదు. మా ఆయన తలుపు పగలగొట్టాక, నన్ను చూసి అత్తమ్మ అక్కడే కూలబడింది.

"దీన్ని పట్నం తోల్కపో. ఇంకెన్ని దినాలు గిట్ల సూస్తవ్?" అంది కొడుకుతో.

హైదరాబాదులో ఎమ్మారై తీశారు. తుంటి కీలు లోపలి పొర ఉబ్బి, మెత్తని ఎముక ముక్కల్ని పుట్టిస్తోందని డాక్టరు చెప్పాడు. అవి ఊడి లోపల తిరుగుతున్నాయట, కాలు పట్టేసింది వాటివల్లేనట. ఇంకా గట్టిపడలేదు కాబట్టి ఎక్స్‌రేకి దొరకలేదు. క్యాన్సర్ కాదన్నాడు. మా ఆయన చేతులు జోడించాడు. నిలబడి పనిచేసినందుకు వచ్చిందా అని అడిగాను.

"కాదమ్మా. ఎందుకొస్తుందో మాకూ తెలియదు."

తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ఆపరేషన్ అయ్యాక ఆ ముక్కల్ని సీసాలో చూపించారు. తెల్లగా, నానిన సగ్గుబియ్యంలా ఉన్నాయి. మా ఆయన సీసాను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. "ఇవి లోపల పెట్టుకొని డ్యూటీకి పోయినవా?" అన్నాడు. నా మొహం వైపు చూడలేదు.

రెండు నెలలు చంకకర్రలు. అత్తమ్మే నా కాళ్లు కడిగేది. వద్దనడానికి ఓపిక ఉండేది కాదు.

మొన్న మళ్లీ స్కాన్ తీశారు. ఒక మూల పొర మందంగా ఉందట. మళ్లీ వస్తోందో లేదో ఇప్పుడే చెప్పలేం, ఆరు నెలలాగి చూద్దామన్నాడు డాక్టరు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న అత్తమ్మకు అదే చెప్పాను.

"సూసుడేంది? మందు లేదా?"

"లేదత్తమ్మా."

ఆమె నా చేతిలోని సంచీ తీసుకుంది. ఇద్దరం బస్సు కోసం మెల్లగా నడిచాం.